అమెరికా, సోవియట్ యూనియన్ స్నేహం ఎక్కడ తెగింది?

ప్రశ్న (చరిత్ర విద్యార్థిని)

1945 ఏప్రిల్ 25న జర్మనీలో ఎల్బే నది ఒడ్డున, తోర్గావ్ దగ్గర, పడమటి నుంచి వచ్చిన అమెరికా సైనికులు, తూర్పు నుంచి వచ్చిన సోవియట్ సైనికులు కలుసుకున్నారు. చేతులు కలుపుతున్న ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. 1948 జూన్‌కల్లా అదే జర్మనీలో బెర్లిన్ నగరానికి దారులన్నీ సోవియట్ సైన్యం మూసేసింది. మధ్యలో గడిచింది మూడేళ్ల పైచిలుకు కాలమే.

మా పాఠాల్లో దీన్ని "పెట్టుబడిదారీ విధానానికి, కమ్యూనిజానికి మధ్య సిద్ధాంత వైరం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకది సరిపోవడం లేదు. ఆ వైరం 1917 నుంచీ ఉన్నదే. హిట్లర్ మీద కలిసి పోరాడటానికి అది అడ్డు రాలేదు. మరి గెలిచిన తర్వాతే ఎందుకు అడ్డొచ్చింది? తేదీల వరస నాకు తెలుసు: యాల్టా, పోట్స్‌డామ్ (1945లో మిత్రదేశాల అధినేతల సమావేశాలు), ట్రూమన్ సిద్ధాంతం (కమ్యూనిజాన్ని ఎదిరించే దేశాలకు అమెరికా అండ), మార్షల్ ప్రణాళిక (ఐరోపా పునర్నిర్మాణానికి అమెరికా సాయం). ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా పుట్టిందో అర్థం కావడం లేదు. ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు (పాత పద్దులు)

సరైన చోట పట్టుకున్నారమ్మా. సిద్ధాంతం ఒక్కటే కారణమైతే యుద్ధంలోనే విడిపోయేవారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. ఈ మూడేళ్ల చరిత్ర ఎప్పుడు చదివినా నా కళ్లు ఉపన్యాసాలను దాటుకుని అప్పు పత్రాల మీదికే పోతాయి. అందుకని నాకు బాగా కనిపించే వైపు నుంచే చెబుతాను. మిగతా వైపులు ఇక్కడి పెద్దలు పూరిస్తారు.

1945 జనవరి 3. యుద్ధం ఇంకా నడుస్తోంది. సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతోవ్, మాస్కోలోని అమెరికా రాయబారి హారిమన్ చేతికి ఒక పత్రం ఇచ్చాడు. యుద్ధం తర్వాత పునర్నిర్మాణానికి 600 కోట్ల డాలర్ల అప్పు కావాలి, వడ్డీ 2.25 శాతం, గడువు 30 ఏళ్లు అని అందులో ఉంది. అప్పు అడిగేవాడే వడ్డీ రేటు కూడా రాసుకొచ్చాడు! హారిమన్‌కు ఆ తీరు వింతగా అనిపించినా, దాన్ని తోసిపుచ్చవద్దనే వాషింగ్టన్‌కు రాశాడు. అయితే సోవియట్ యూనియన్ తూర్పు ఐరోపాలో ఎలా నడుచుకుంటుందో చూసి, దానికి ముడిపెట్టి ఇవ్వాలన్నాడు. అంటే అప్పును పగ్గంలా వాడుకోవాలని ఆయన ఆలోచన. ఆ పగ్గం ఎవరి చేతికీ అందలేదు.

మే నెలలో జర్మనీ లొంగిపోయింది. నాలుగు రోజులు తిరగకుండానే అమెరికా సోవియట్ యూనియన్‌కు లెండ్-లీజ్ సరఫరాలు, అంటే యుద్ధకాలంలో మిత్రదేశాలకు పంపే ఆయుధాలు, సరుకులు, నిలిపివేసింది. బయల్దేరి సముద్రం మీద ఉన్న ఓడలను కూడా వెనక్కి తిప్పారు. గగ్గోలు లేచాక ఆ ఉత్తర్వును సవరించుకున్నారు కానీ, జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. ఆ నెలాఖరులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ దూతగా హ్యారీ హాప్కిన్స్ మాస్కో వెళ్తే, స్టాలిన్ ఆయన దగ్గర ఈ సంగతి ఎత్తాడు. సాయం ఆగిపోవడాన్ని అర్థం చేసుకోగలనని, ఆపిన తీరే బాగాలేదని ఆయన ఫిర్యాదు. చట్టప్రకారం అమెరికా చేసింది తప్పు కాదు, ఆ సాయం యుద్ధం కోసమే మంజూరైంది. అయినా నాలుగేళ్లు భుజం కలిపి పోరాడిన మిత్రుడితో వ్యవహారం ముగించే పద్ధతి అది కాదు.

ఆ ఆగస్టులోనే సోవియట్ ప్రభుత్వం మెట్టు దిగి 100 కోట్ల డాలర్ల అప్పుకు దరఖాస్తు పెట్టింది. నెలల తరబడి జవాబు లేదు. 1946 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చిన వివరణ ఏమిటంటే, కాగితాలు ఒక కార్యాలయం నుంచి మరోచోటికి మారుస్తున్నప్పుడు ఆ దరఖాస్తు ఎక్కడో తప్పిపోయిందట. దరఖాస్తులు పోవడం నా ఉద్యోగంలో నేనూ చూశాను. అయితే ఒక అగ్రరాజ్యం పెట్టిన 100 కోట్ల దరఖాస్తు ఊరికే పోదు. సరిగ్గా ఆ నెలల్లోనే బ్రిటన్‌కు 375 కోట్ల డాలర్ల అప్పు 2 శాతం వడ్డీకి, 50 వాయిదాల్లో తీర్చే ఒప్పందం మీద ఖాయమైంది. బ్రిటన్ చివరి వాయిదా 2006 డిసెంబరులో కట్టింది. మాస్కోలో కూర్చున్నవాడికి ఈ రెండు దరఖాస్తులకూ దక్కిన గతి చూస్తే ఏమనిపించి ఉంటుంది?

ఇప్పుడు రెండో వైపు చూడండి. 1944లో బ్రెటన్ వుడ్స్‌లో అంతర్జాతీయ ద్రవ్య నిధికి, ప్రపంచ బ్యాంకుకు రూపం ఇచ్చినప్పుడు సోవియట్ ప్రతినిధులు కూడా కూర్చున్నారు. చేరడానికి గడువు 1945 డిసెంబరు 31. స్టాలిన్ చేరలేదు. చేరితే బంగారం నిల్వలు, చెల్లింపుల లెక్కలు బయటపెట్టాలి. ఎందుకు చేరడం లేదని వాషింగ్టన్ తన మాస్కో రాయబార కార్యాలయాన్ని ఆరా తీసింది. 1946 ఫిబ్రవరి 22న అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ అక్కడి నుంచి పంపిన సుదీర్ఘ టెలిగ్రాం పుట్టింది ఆ నేపథ్యంలోనే. అడిగింది ద్రవ్య నిధి గురించి. వచ్చింది సోవియట్ పాలన స్వభావం మీద వేల మాటల వ్యాసం. సోవియట్ పాలకుల అభద్రత లోపలి నుంచి పుట్టిందని, మంచి మాటలతో అది పోదని, గట్టిగా నిలబడితేనే వెనక్కి తగ్గుతారని ఆయన రాశాడు. రెండు వారాలు గడవకముందే, మార్చి 5న, బ్రిటన్ మాజీ ప్రధాని చర్చిల్ అమెరికాలోని ఫుల్టన్‌లో, ఐరోపాను చీలుస్తూ "ఇనుప తెర" దిగిందన్న ఉపన్యాసం ఇచ్చాడు. మీ పుస్తకాల్లో ఆ ఉపన్యాసానికే పెద్దపీట ఉంటుంది. నా దృష్టిలో టెలిగ్రామే బరువైనది. చర్చిల్ అప్పటికి పదవిలో లేడు, కెన్నన్ రాసింది చదివినవాళ్లంతా పదవుల్లో ఉన్నవాళ్లు.

ఇక అసలు గొడవ జర్మనీది. యాల్టాలో యుద్ధ నష్టపరిహారం చర్చకు 2,000 కోట్ల డాలర్ల అంకెను ఆధారంగా తీసుకున్నారు, అందులో సగం సోవియట్ వాటా. బ్రిటన్ ఒప్పుకోలేదు. పోట్స్‌డామ్‌కు వచ్చేసరికి ఆ అంకే కనిపించకుండా పోయింది. జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగు మండలాలుగా పంచుకున్నాయి కదా, ఎవరి మండలంలో వాళ్లు తీసుకోవాలని, పశ్చిమ మండలాల యంత్రాల్లో కొంత శాతం సోవియట్లకు ఇవ్వాలని రాసుకున్నారు. సోవియట్లు తమ మండలంలో ఫ్యాక్టరీలే కాదు, రైలు పట్టాలు కూడా ఊడదీసి తీసుకెళ్లారు. ఇటు అమెరికా తన మండలంలో ఆకలి తీర్చడానికి సొంత డబ్బుతో తిండి దిగుమతి చేస్తోంది. ఒక చేత్తో మేం పోస్తుంటే ఇంకో వైపు మీరు తోడుకుపోతున్నారన్నది అమెరికన్ల కోపం. మా ఊళ్లు తగలబెట్టినవాళ్ల కడుపు నింపే తొందర మీకెందుకన్నది రష్యన్ల కోపం. నాకు రెండు కోపాలూ న్యాయంగానే కనిపిస్తాయి. 1946 మేలో అమెరికా సైనిక అధికారి జనరల్ క్లే తన మండలం నుంచి నష్టపరిహారం సరుకు పంపడం ఆపేశాడు. జర్మనీ రెండుగా చీలడం నా లెక్కలో ఆ రోజే మొదలైంది.

1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్, ఐరోపా పునర్నిర్మాణానికి సాయం చేస్తామని ప్రసంగించాడు. సోవియట్ యూనియన్‌కు కూడా ఆహ్వానం ఉంది. ఊరికే నాటకానికి వెళ్లేవాళ్లయితే మొలొతోవ్ సుమారు వంద మంది నిపుణులను వెంటబెట్టుకుని పారిస్ వెళ్లడు. అక్కడ తేలిన షరతు ఏమిటంటే, ప్రతి దేశం తన వనరులు, అవసరాలు అందరి ముందు పెట్టాలి, ఐరోపా మొత్తానికి ఉమ్మడి ప్రణాళిక తయారవ్వాలి. అప్పు ఇచ్చేవాడు లెక్కల పుస్తకం చూపించమని అడగడం మామూలే. స్టాలిన్‌కు మాత్రం అది ఇంటి తాళం ఇమ్మని అడిగినట్టుంది. జులై 2న మొలొతోవ్ లేచి వచ్చేశాడు.

ఇక్కడ ప్రేగ్ సంగతి తప్పక తెలుసుకోండి. చెకోస్లొవేకియా ప్రభుత్వంలో కమ్యూనిస్టులూ ఉన్నారు, మిగతావాళ్లూ ఉన్నారు. అందరూ కలిసి మార్షల్ సమావేశానికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. జులై 9న ప్రధాని గోట్వాల్డ్, విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ మాస్కోలో స్టాలిన్ ముందు కూర్చున్నారు. ఆ సమావేశానికి వెళ్తే మాకు ఎదురు తిరిగినట్టేనని స్టాలిన్ తేల్చిచెప్పాడు. మర్నాడే ప్రేగ్ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. మరుసటి ఫిబ్రవరిలో అక్కడ కమ్యూనిస్టులు పూర్తిగా అధికారం చేజిక్కించుకున్నారు. మార్చి 10న మసారిక్ తన శాఖ భవనం కిటికీ కింద శవమై కనిపించాడు. దూకాడా, తోశారా అన్న వాదన నేటికీ ఉంది. అమెరికా కాంగ్రెస్‌లో మార్షల్ సాయానికి అడ్డుపడుతున్నవాళ్ల నోళ్లు ఆ ఫిబ్రవరితో మూతపడ్డాయి.

చివరిది నోట్ల కథ. 1944లో అమెరికా, ఆక్రమిత జర్మనీలో చెలామణి కోసం ముద్రించే మార్కుల అచ్చు ఫలకాలను సోవియట్లకు కూడా ఇచ్చింది. వాళ్లు కావలసినన్ని ముద్రించుకున్నారు. ఏళ్లుగా జీతం అందని ఎర్రసైనికులకు ఆ నోట్లు కట్టలు కట్టలుగా పంచారు. వాళ్లు అమెరికన్ సైనికుల దగ్గర చేతి గడియారాలు ఎంత చెబితే అంత పెట్టి కొన్నారు. మార్కు విలువ ఎంత దిగజారిందంటే జర్మన్లు సిగరెట్లతో సరుకులు కొనుక్కునేవారు. ఈ కుళ్లు కడగకుండా ఏ సాయమూ నిలవదు. అందుకని అమెరికాలో రహస్యంగా అచ్చేసి ఓడల్లో తెచ్చిన కొత్త మార్కులను 1948 జూన్ 20న పశ్చిమ మండలాల్లో పంచారు. మనిషికి ముందు 40 మార్కులు. మర్నాడు దుకాణాల అద్దాల వెనక, అంతవరకు దాచిపెట్టిన సరుకులన్నీ ప్రత్యక్షమయ్యాయి.

పనికిరాని పాత నోట్లన్నీ తమ మండలంలోకి వరదలా వస్తాయని సోవియట్లకు అర్థమైంది. కొత్తవి అచ్చేసే వ్యవధి లేక పాత నోట్ల మీద కాగితపు బిళ్లలు అంటించి చెలామణిలో పెట్టారు. జనం వాటిని గోడ కాగితం మార్కులు అన్నారు. సోవియట్ మండలం మధ్యలో ఉన్నా నలుగురూ పంచుకున్న బెర్లిన్ మొత్తానికి అవే చెల్లాలన్నారు. పశ్చిమ దేశాలు ఒప్పుకోక, "బి" అక్షరం ముద్ర కొట్టిన తమ నోట్లను పశ్చిమ బెర్లిన్‌లో దింపాయి. జూన్ 24న దారులు మూతపడ్డాయి. మీరు అడిగిన మూడేళ్లకూ నాకు దొరికిన వరస ఇది.

జవాబు (తూర్పు గాలి)

పద్దులు గారి జవాబు ఆసక్తిగా చదివాను. అయినా ఈ వైరాన్ని డబ్బు లెక్కలతో తూకం వేస్తే ముఖ్యమైనది జారిపోతుంది. ఆ యుద్ధంలో సోవియట్ యూనియన్ దాదాపు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. అమెరికా మృతులు సుమారు 4 లక్షలు. ఒక్క లెనిన్‌గ్రాద్ ముట్టడిలో చనిపోయినవాళ్లే అంతకన్నా ఎక్కువ. 1914లోనూ, 1941లోనూ జర్మన్ సైన్యం నడిచింది పోలండ్ మైదానాల మీదుగానే. ఆ అనుభవం ఉన్న దేశం పోలండ్‌లో తనకు అనుకూలమైన ప్రభుత్వం కావాలని పట్టుబట్టడానికి ఏ అప్పు దరఖాస్తూ కారణం కాదు. పశ్చిమాన రెండో యుద్ధరంగం 1942లోనే తెరుస్తారని ఆశపెట్టి 1944 జూన్ దాకా తెరవకపోవడం కూడా మాస్కో మరచిపోలేదు.

అలాగని పోలండ్‌కు జరిగింది సమర్థించను. 1945 మార్చిలో పోలిష్ అజ్ఞాత ప్రతిఘటన నాయకులు 16 మందిని చర్చలకని పిలిచి సోవియట్లు అరెస్టు చేశారు. నాజీలతో అయిదేళ్లు పోరాడినవాళ్లు వాళ్లు! యాల్టాలో స్వేచ్ఛాయుత ఎన్నికలకు మాట ఇచ్చి రెండు నెలలు కూడా కాలేదు. బ్రిటన్ యుద్ధంలోకి దిగిందే పోలండ్ కోసం. లండన్, వాషింగ్టన్‌లలో స్టాలిన్ మాట మీద నమ్మకం సడలింది అక్కడే.

ఇంకొకటి, బాంబు. 1945 జులై 24న పోట్స్‌డామ్‌లో సమావేశం ముగిశాక ట్రూమన్ బల్ల చుట్టూ నడిచి స్టాలిన్ దగ్గరికి వెళ్లి, అసాధారణ విధ్వంస శక్తి గల కొత్త ఆయుధం మా దగ్గర ఉందని మామూలుగా అన్నాడు. అణువు అన్న మాట ఎత్తలేదు. స్టాలిన్ ముఖంలో ఏ మార్పూ లేదు. అతనికి అర్థం కాలేదేమో అనుకున్నారు. నిజానికి క్లౌస్ ఫుక్స్ వంటి గూఢచారుల ద్వారా అతనికి ఆ సంగతి ముందే చేరింది. మిత్రుడు తన దగ్గర దాచాడని అతనికి తెలుసు, తాను మిత్రుడి ఇంట్లో దొంగిలిస్తున్నానని కూడా తెలుసు. హిరోషిమా తర్వాత రెండు వారాలకు, ఆగస్టు 20న, రహస్య పోలీసు అధిపతి బేరియా నాయకత్వంలో అణుబాంబు తయారీకి ప్రత్యేక సంఘం ఏర్పడింది. నాలుగేళ్లకు, 1949 ఆగస్టు 29న, సోవియట్ బాంబు పేలింది. అడిగిన అప్పంతా ఇచ్చినా ఈ పరుగు ఆగేదా?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. పోలండ్ కోణం ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. ఇంకో రెండు సందేహాలు. ఐరోపాలో మొదలైన గొడవ ప్రపంచమంతా ఎలా పాకింది? పద్దులు గారూ, తూర్పు గాలి గారి చివరి ప్రశ్నకు మీరేమంటారు?

జవాబు (పటాల మనిషి)

మొదటి సందేహానికి కొరియా చూడండి. 1945 ఆగస్టు 10-11 మధ్య రాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులకు అరగంట సమయం ఇచ్చి, జపాన్ సేనలు ఎవరికి ఎక్కడ లొంగిపోవాలో గీత గీయమన్నారు. చేతికి దొరికిన పటం చూసి 38వ అక్షాంశం సూచించారు. రాజధాని సియోల్ అమెరికా వైపు రావాలన్నదే వాళ్ల పట్టుదల. ఆ గీత నదుల్నీ, ఊళ్లనూ, పొలాలనూ అడ్డంగా కోసింది. కొరియన్లను ఎవరూ అడగలేదు. తాత్కాలికమనుకున్న గీతకు అటూ ఇటూ 1948లో రెండు ప్రభుత్వాలు వెలిశాయి.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం ఆ గీత దాటింది. వాషింగ్టన్‌లో అప్పటికే ఒక రహస్య పత్రం బల్ల మీద ఉంది. ఆ ఏప్రిల్‌లో తయారైన ఎన్ఎస్‌సీ-68 రక్షణ వ్యయం భారీగా పెంచాలంది. అంత ఖర్చుకు ట్రూమన్ వెనకాడుతున్నాడు. కొరియా ఆ సందేహం తీర్చేసింది. 1,300 కోట్ల డాలర్ల దగ్గర ఉన్న అమెరికా రక్షణ వ్యయం మూడేళ్లలో మూడు రెట్లు దాటింది. సోవియట్ విస్తరణను అడ్డుకోవాలని కెన్నన్ చెప్పిన నిలువరింపు విధానంలో రాజకీయం, ఆర్థికం ముందు ఉండేవి. కొరియా తర్వాత సైన్యం ముందుకొచ్చింది. నాటో 1949 ఏప్రిల్‌లోనే పుట్టినా, ఉమ్మడి సేనాధిపతి వచ్చింది కొరియా తర్వాతే.

జవాబు (పాత పద్దులు)

తూర్పు గాలి గారికి: లేదండీ, ఆగేది కాదు. పోలండ్ విషయంలోనూ, బాంబు విషయంలోనూ డబ్బు చేయగలిగింది ఏమీ లేదు. నా వాదన అంత దూరం పోదు. జర్మనీ రెండు ముక్కలు కావడం, ఐరోపా మధ్యలో గీత అంత లోతుగా దిగడం తప్పనిసరి కాదన్నదే నా మాట. దానికి రెండు దేశాల ఖాతాలు చూపిస్తాను.

ఫిన్లాండ్ యుద్ధంలో ఓడింది. సోవియట్ యూనియన్‌కు 30 కోట్ల డాలర్ల విలువైన సరుకు, 1938 ధరల లెక్కన, నష్టపరిహారంగా ఇవ్వాలి. ఓడలు, యంత్రాలు తయారు చేసి పంపుతూ 1952 సెప్టెంబరులో మొత్తం చెల్లించేసింది. మాస్కోకు కోపం రాకుండా మార్షల్ సాయం వద్దనుకుంది. అయినా సోవియట్ సైన్యం దాన్ని ఆక్రమించలేదు, ఎన్నికలు దాని ఎన్నికలుగానే జరిగాయి.

ఆస్ట్రియాను కూడా జర్మనీలాగే నాలుగు మండలాలుగా పంచుకున్నారు, వియన్నాను బెర్లిన్‌లాగే పంచుకున్నారు. 1955 మే 15న ఒప్పందం కుదిరింది. సోవియట్ ఆధీనంలోని ఆస్తులకు బదులుగా 15 కోట్ల డాలర్ల విలువైన సరుకు ఇవ్వడానికి ఆస్ట్రియా ఒప్పుకుంది. ఏ కూటమిలోనూ చేరనంది. ఆ శరదృతువులో నాలుగు సైన్యాలూ వెళ్లిపోయాయి. స్టాలిన్ అప్పటికి చనిపోయి రెండేళ్లయింది, అది కూడా కలిసొచ్చింది.

జర్మనీ ఫిన్లాండ్ కాదు, ఆస్ట్రియా కాదు, నాకు తెలుసు. పశ్చిమ జర్మనీలోని రూర్ ప్రాంతపు బొగ్గు, ఉక్కు ఎవరి చేతిలో ఉంటే ఐరోపా వాళ్ల చేతిలో ఉన్నట్టే. అంత పెద్ద ఆస్తి తటస్థంగా ఉంటుందని ఏ పక్షమూ నమ్మలేదు. కానీ 1946 మే నాటికి ఎవరికి ఎంత రావాలన్న లెక్కను నలుగురూ కూర్చుని ఒక అంకె దగ్గర ముగించి ఉంటే, చర్చకు కనీసం ఒక బల్ల మిగిలేది. లెక్క తెగలేదు కాబట్టి సోవియట్లు తమ మండలాన్నే పిండుకున్నారు. తూర్పు జర్మన్లు 1953 జూన్‌లో తిరగబడేదాకా ఆ వసూళ్లు నడిచాయి. 1954 జనవరి 1 నుంచి మాస్కో వాటిని మాఫీ చేసింది. అప్పటికి సరిహద్దు దాటి పడమటికి వెళ్లిపోతున్నవాళ్ల సంఖ్య ఏడాదికి లక్షల్లో ఉంది, మరుసటి ఏడాది మేలో పశ్చిమ జర్మనీ నాటోలో చేరితే, వారం తిరగకుండా సోవియట్ కూటమి దేశాల సైనిక ఒప్పందమైన వార్సా ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

అమ్మాయీ, దారులు మూసిన బెర్లిన్‌కు పశ్చిమ దేశాలు విమానాల్లో సరుకు చేరవేసిన కథ, బెర్లిన్ విమాన సరఫరా, గురించి విడిగా చదవండి. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేసినా సెప్టెంబరు దాకా విమానాలు నడిచాయి. మొత్తం 2 లక్షల 70 వేలకు పైగా ప్రయాణాలు, 23 లక్షల టన్నుల సరుకు, అందులో ఎక్కువ భాగం బొగ్గే. దానికి వీలు చిక్కడానికి కారణం కూడా ఒక కాగితమే. బెర్లిన్‌కు రోడ్డు, రైలు దారుల మీద లిఖితపూర్వక హామీ లేదు కానీ, మూడు వాయుమార్గాలకు 1945 నవంబరులో రాతపూర్వక ఒప్పందం ఉంది. ఆ మూడింటినీ సోవియట్లు మూయలేదు.